ఎరుక పెరిగిందంటున్నాను, వివేకం ఎక్కడ?

గోదారిగట్టు | సోమవారం, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఈ విభాగాన్ని చదువుతున్నానే తప్ప ఎన్నడూ రాయలేదు. ఇవాళ రాయక తప్పలేదు.

2019లో హైదరాబాదు దగ్గర, నాగార్జునసాగర్ దారిలో ఉన్న విపశ్యన ధ్యాన కేంద్రంలో పది రోజుల శిబిరం చేశాను. తెల్లవారుజామున నాలుగింటికి గంట మోగడం, ఫోను అప్పగించి ఎవరితోనూ మాట్లాడకుండా ఉండడం, మొదటి మూడు రోజులూ ముక్కు కింద ఊపిరి తగిలే చిన్న చోటు మీదనే ధ్యాస నిలపడం, నాలుగో రోజు నుంచి ఒంట్లో పుట్టి పోయే సంవేదనలను తల నుంచి పాదాల దాకా గమనించడం, ఇవన్నీ ఇక్కడ చాలామందికి తెలిసినవే. అప్పటినుంచి రోజూ ఉదయం గంటసేపు కూర్చుంటున్నాను. నిద్ర బాగుపడింది. ఆఫీసులో నా గొంతు తగ్గిందని తోటివారే అన్నారు.

మా అమ్మకు 78 ఏళ్ళు. మతిమరుపు జబ్బని మూడేళ్ళ క్రితం తేలింది. సాయంత్రం నేను ఇంటికి రాగానే, "మీ నాన్నగారు ఇంకా రాలేదేంరా?" అని అడుగుతుంది. నాన్నగారు పోయి పదకొండేళ్ళయింది. మొదటిసారి అడిగినప్పుడు నెమ్మదిగానే చెబుతాను, రెండోసారీ చెబుతాను. మొన్న గురువారం ఏడోసారి అడిగేసరికి, "ఎన్నిసార్లు చెప్పాలమ్మా, పోయారని!" అని అరిచాను. ఆ వార్త అప్పుడే చెవిన పడినట్టు అమ్మ భోరుమంది. మా ఆవిడ అమ్మను లోపలికి తీసుకువెళ్తూ నాతో ఒక్క మాటే అన్నది: "పొద్దున గంటసేపు కళ్ళు మూసుకుంటారు. సాయంత్రం కూడా మూసుకునే ఉంటున్నారు."

అరుస్తున్నప్పుడు ఛాతీలో వేడి, దవడ బిగింపు నాకు స్పష్టంగా తెలుస్తూనే ఉన్నాయి. తెలుస్తూ ఉండగానే అరిచాను. మరి ఆ తెలియడం వల్ల ఏం ఒరిగింది? ఎరుక వివేకానికి దారి తీస్తుందని విన్నాను. నా విషయంలో ఆ దారి మధ్యలోనే ఎక్కడో తెగిపోయినట్టుంది. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


సందేహి | సోమవారం, రాత్రి 10.15

మీ నిజాయితీకి నమస్కారం. నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. ఏకాగ్రతకూ వివేకానికీ సంబంధమే లేదు. కిక్కిరిసిన సిటీ బస్సులో జేబు కత్తిరించేవాడికి ఉన్నంత ఎరుక ఆ బస్సులో ఇంకెవరికీ ఉండదు. ఎవరి భుజం ఎటు వాలింది, ఎవరి ధ్యాస ఫోనులో ఉంది, ఏ కుదుపుకు చెయ్యి చాచాలి, వాడికి క్షణక్షణం తెలుసు. దాన్ని వివేకం అందామా? ఊపిరిని గమనిస్తే కాస్త మనశ్శాంతి దొరుకుతుంది, అది మంచిదే. అంతకు మించిన బరువు దాని నెత్తిన పెట్టడం వల్లనే మీకు ఈ నిరాశ కలిగింది.


పాళీ పాఠకుడు | మంగళవారం, ఉదయం 6.05

సందేహి గారి జేబుదొంగ ఉదాహరణను నేను సంతోషంగా ఒప్పుకుంటాను, ఎందుకంటే ఆ అభ్యంతరం బౌద్ధ గ్రంథాలకు కొత్త కాదు. వాటిలో సమ్యక్ స్మృతితో (సరైన ధ్యాసతో) పాటు మిథ్యా స్మృతి (తప్పుడు ధ్యాస) మాట కూడా ఉంది. అంటే ధ్యాస ఉన్నంత మాత్రాన అది సరైన ధ్యాస కానక్కరలేదు.

చిక్కంతా మాటతో మొదలైంది. ఇప్పుడు లోకమంతా మైండ్‌ఫుల్‌నెస్ అంటున్న దానికి మూలం, తొలి బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీలోని మాట 'సతి', అంటే మన 'స్మృతి'. దానికి ఈ ఇంగ్లీషు మాటను ఖాయం చేసినవాడు బ్రిటిష్ పాళీ పండితుడు రీస్ డేవిడ్స్, 1881లో. ఆ అనువాదంలో ఈ క్షణాన్ని గమనించడం అన్న అర్థం నిలిచింది గాని, జ్ఞాపకం అన్న అర్థం జారిపోయింది. బుద్ధుడి బోధలున్న సూత్రాలలో స్మృతి గల మనిషిని నిర్వచించేటప్పుడు, ఎన్నడో చేసినదాన్ని, ఎన్నడో అన్నమాటను గుర్తుంచుకొని గుర్తుచేసుకోగలవాడు అని చెబుతారు. అంటే స్మృతి ఈ క్షణాన్ని చూసే కన్ను మాత్రమే కాదు, ఇలాంటి క్షణం ఇంతకుముందు ఎలా ముగిసిందో చేతికందించే జ్ఞాపకం కూడా.

ఇంకొక పోలిక ఉంది. సరిహద్దు పట్టణానికి తెలివైన ద్వారపాలకుడు ఎలాంటివాడో మనసుకు స్మృతి అలాంటిది అంటారు. అతడు వచ్చేపోయేవాళ్ళను చూస్తూ కూర్చోడు, ముఖం గుర్తుపట్టి కొత్తవాణ్ణి ఆపుతాడు, తెలిసినవాణ్ణి లోపలికి పంపుతాడు. గోదారిగట్టు గారూ, మీ గుమ్మం దగ్గర ఇప్పుడు సీసీ కెమెరా ఉంది, కాపలాదారు లేడు. దొంగ లోపలికి వెళ్ళడం చక్కగా రికార్డయింది.

ఇక వివేకం, అంటే ప్రజ్ఞ. అయిదో శతాబ్దపు వ్యాఖ్యాత బుద్ధఘోషుడు దీన్ని నాణేల కుప్పతో వివరించాడు. అది చూసిన పసివాడికి నాణేల రంగూ ఆకారమే తెలుస్తాయి. పల్లెటూరి మనిషికి వాటితో సరుకులు కొనవచ్చని కూడా తెలుస్తుంది. నాణేలు పరీక్షించే సరాఫుకైతే చూసి, మోగించి, వాసన పట్టి, నాలుకకు ఆనించి, చేత్తో బరువు చూసి ఏది అసలో, ఏది కల్తీయో, ఏ ఊళ్ళో ఎవరు ముద్రించారో కూడా తెలుస్తుంది. ముగ్గురూ చూసింది ఒకే కుప్పను. ఆ పోలికను నేను ఇంకొంచెం పొడిగిస్తాను, తప్పయితే క్షమించండి: సరాఫుకు ఆ చూపు కళ్ళు మూసుకుంటే వచ్చింది కాదు, వేల నాణేలు చేతిలో పడి, కొన్నిసార్లు మోసపోయి, ఎందుకు మోసపోయాడో వెనక్కి తిరిగి చూసుకుంటే వచ్చింది. విని తెలుసుకున్న ప్రజ్ఞ, ఆలోచించి తెలుసుకున్న ప్రజ్ఞ, అభ్యాసంతో పండిన ప్రజ్ఞ అని మూడు రకాలుగా చెప్పడంలో ఉన్న తేడా ఇదే.


రిటైరైన డ్రైవరు | మంగళవారం, మధ్యాహ్నం 1.30

నేను శిబిరాలు చేసినవాణ్ణి కాదు. 31 ఏళ్ళు బస్సు నడిపాను. చివరి కొన్నేళ్ళు విజయవాడ నుంచి హైదరాబాదుకు రాత్రి సర్వీసు. కండక్టరు లేని సర్వీసు కాబట్టి టికెట్లు కొట్టడమూ, చిల్లర తగాదాలూ నాకే.

ఒక రాత్రి నందిగామలో ఒకాయన అయిదు రూపాయల దగ్గర నన్ను అనరాని మాట అన్నాడు. ఏమీ అనకుండా టికెట్టు ఇచ్చి బండి తీశాను. ఓర్చుకున్నానని అనుకున్నాను. సూర్యాపేట లైట్లు కనబడినప్పుడు గాని కోదాడ ఎప్పుడు దాటామో నాకు గుర్తులేదని తెలియలేదు. వెనక నలభై మంది నిద్రపోతున్నారు. అంతసేపూ నేను ఆయనకు మనసులో సమాధానాలు చెబుతూనే ఉన్నాను. భయపడి బండి పక్కకు తీసి, దిగి, ముఖం కడుక్కున్నాను.

ఆ తర్వాత నుంచి ఒక విషయం కనిపెట్టాను. నా కోపం నోట్లోకి రాకముందే కుడికాలిలోకి దిగుతుంది. యాక్సిలరేటరు మీద బొటనవేలు చెప్పులో ముడుచుకుంటుంది. మొదట్లో అది బండి దిగాక గుర్తొచ్చేది, తర్వాత నడుపుతుండగా తెలిసేది, చివరికి తగాదా జరుగుతుండగానే వేలు ముడుచుకోవడం తెలిసేది. వేలు ముడుచుకున్న రాత్రి నేను ముందు బండిని దాటే ప్రయత్నం చేయనని నియమం పెట్టుకున్నాను. కోపం పోవాలని నియమం పెట్టుకోలేదు, అది నా చేతిలో లేదు. దాటకపోవడం నా చేతిలో ఉంది. దీన్ని వివేకం అంటారో లేదో పెద్దలు చెప్పాలి.


లీడ్స్ నర్సు | మంగళవారం, రాత్రి 11.50

డ్రైవరు గారి బొటనవేలు చదివాక నా భుజాల గురించి చెప్పాలనిపించింది. మాది కరీంనగర్ వైపు, పద్నాలుగేళ్ళుగా ఇంగ్లండులో ఐసీయూ నర్సుగా పనిచేస్తున్నాను.

ప్రమాదకరమైన మందులను ఇద్దరు నర్సులు విడివిడిగా సరిచూడాలన్నది మా పనిలో నియమం. ఒకసారి ఒకే సైజు, ఒకే రంగు అక్షరాలున్న రెండు రకాల ఆంప్యూళ్ళు పక్కపక్కన ఉన్నాయి, నా చెయ్యి తప్పుదాని మీద పడింది. రెండో నర్సు నా ముఖం చూసి "సరే" అన్నది, లేబుల్ చూడలేదు. అలవాటు చొప్పున పేరును పైకి చదివాను కాబట్టి ఆగిపోయాను. ఆ క్షణంలో నా భుజాలు రెండూ చెవుల దాకా లేచి ఉన్నాయి.

ఇంటికి వచ్చి ఆలోచిస్తే, పని ఒత్తిడి వల్ల అలా జరిగిందని మొదట అనుకున్నాను. తర్వాత కొన్ని నెలలు భుజాలు ఎప్పుడెప్పుడు లేస్తున్నాయో గమనిస్తే తేలింది వేరు. ఎంత పనున్నా అవి లేవవు. రోగి బంధువు నా వెనక నిలబడి చూస్తున్నప్పుడు లేస్తాయి. నన్ను ఎవరో చూస్తున్నారని తెలియగానే నేను లేబుల్ చూడడం మానేసి, నా చేతులు చురుగ్గా కనబడుతున్నాయా లేదా అన్నది చూసుకుంటున్నాను. ఇది నా గురించి నాకు నలభై ఏళ్ళు తెలియని సంగతి. ఇప్పుడు ఆ బంధువును మర్యాదగా, "రెండు నిమిషాలు బయట కూర్చోండి, నేనే పిలుస్తాను" అంటాను.

ఒక ఫిర్యాదు కూడా ఉంది. అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో ఆసుపత్రి రోగుల కోసం మొదలుపెట్టిన ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ పద్ధతి ఇప్పుడు ఎన్నో దేశాలలో ఉంది. మళ్ళీ మళ్ళీ కుంగుబాటుకు లోనయ్యేవారికి ఆ కోవలోని చికిత్సను ఇక్కడి ఆరోగ్య సంస్థ 2004లోనే సిఫారసు చేసింది, దానితో బాగుపడినవారిని నేను చూశాను. కానీ ఒకప్పుడు నేను పనిచేసిన ఆసుపత్రిలో ఖాళీగా ఉన్న నర్సు ఉద్యోగాలను నింపకుండా, ఉన్నవాళ్ళకు మధ్యాహ్న భోజన విరామంలో ఊపిరి తరగతులు పెట్టారు. తరగతిలో కూర్చుని శ్రద్ధగా గమనిస్తే నాకు తెలిసింది ఏమిటంటే, ఆకలిగా ఉందని, సమస్య నా ఊపిరిలో కాక డ్యూటీ చార్టులో ఉందని. ఆ మాట రాసి పై అధికారికి ఇచ్చాను.


నిర్వాహకులు | బుధవారం, ఉదయం 8.00

ఏ గురువు గొప్పవాడు, ఏ పద్ధతి అసలుది అన్న వాదనతో వచ్చిన మూడు వ్యాఖ్యలను తొలగించాము. దానికి వేరే విభాగం ఉంది. అడిగిన ప్రశ్న మీద ఉండవలసిందిగా మనవి.


సందేహి | బుధవారం, ఉదయం 9.10

డ్రైవరు గారూ, నర్సు గారూ చెప్పినవి నన్ను కదిలించాయి. అయినా ఒక మాట. మీరు చెప్పింది జాగ్రత్త. జాగ్రత్తపరులందరూ వివేకవంతులు కారు. పైగా కబాట్-జిన్ తరహా నిర్వచనంలో మంచిచెడ్డల తీర్పు ఇవ్వకుండా గమనించాలని ఉంటుంది. తీర్పే వద్దనేవాడికి వివేకం ఎలా వస్తుంది? వివేకమంటేనే ఇదీ అదీ వేరుచేయడం కదా.


తెలుగు పంతులమ్మ | బుధవారం, సాయంత్రం 5.25

వాదనలోకి దిగే ముందు మన భాషలో ఇప్పటికే ఉన్న సొమ్మును ఒకసారి చూసుకుందాం. అన్యమనస్కంగా ఉన్న మనిషిని మనం పరధ్యానంలో ఉన్నాడంటాం. అంటే ధ్యానం లేదని కాదు, అది వేరేదాని మీద ఉందని. నందిగామ నుంచి సూర్యాపేట దాకా డ్రైవరు గారు చేసింది అక్షరాలా పరధ్యానమే. అలాగే నోరు జారబోయే మనిషిని "ఒళ్ళు దగ్గర పెట్టుకొని మాట్లాడు" అని హెచ్చరిస్తాం. మాట్లాడేది నోరైతే ఒళ్ళు ఎందుకు దగ్గరుండాలి? బొటనవేలూ భుజాలూ ఎందుకో చెప్పాయి. బుద్ధుడు చెప్పిన నాలుగు స్మృతి ప్రస్థానాలలో మొదటిది కాయాన్ని గమనించడమేనని విన్నాను. మన అమ్మమ్మలు దాన్ని తిట్టు రూపంలో దాచి ఇచ్చారు.

సందేహి గారి తీర్పు ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఇది. గీత రెండో అధ్యాయం 63వ శ్లోకంలో ఒక వరస ఉంది: కోపం వల్ల సమ్మోహం, సమ్మోహం వల్ల స్మృతి చెదరడం, స్మృతి చెదిరితే బుద్ధి నాశనం. బుద్ధి కన్నా ముందు పోయేది స్మృతి. అందుచేత తీర్పు వద్దన్నది ఎప్పటికీ వద్దని కాదు, తొందరపడవద్దని. నలభై ఏళ్ళు పరీక్ష పేపర్లు దిద్దాను. అక్షరాలు వంకరగా ఉన్న పిల్లవాడి పేపరును చదవకముందే నా ఎర్రకలం అయిదు మార్కులు తగ్గించుకొని కూర్చునేది. ఆ సంగతి పట్టుబడ్డాక మార్కులు వేయడం మానలేదు, పూర్తిగా చదివి వేయడం మొదలుపెట్టాను.


పాళీ పాఠకుడు | బుధవారం, రాత్రి 9.45

పంతులమ్మ గారి మాటకు ఒక ఆధారం జోడిస్తాను. స్మృతి ప్రస్థాన సూత్రంలో స్మృతి ఎక్కడా ఒంటరిగా నడవదు, దాని పక్కన సంప్రజన్యం ఉంటుంది. చేస్తున్న పని ఎందుకో, ఈ సందర్భానికి తగునో తగదో తెలిసి ఉండడం దాని పని. వేరుచేయడమన్నది అక్కడ జరుగుతుంది.

అయితే గోదారిగట్టు గారికి ఎక్కువగా పనికివచ్చేది ఇది కాదు, బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చెప్పిన పాఠం. బుద్ధుడి బోధల సంపుటాలలో ఒకటైన మజ్ఝిమ నికాయంలో 61వ సూత్రం. "అద్దం దేనికి?" అని అడుగుతాడు తండ్రి. "చూసుకోవడానికి" అంటాడు కొడుకు. అలాగే ఏ పనినైనా చేయబోయే ముందు చూసుకో, చేస్తూ ఉండగా చూసుకో, చేసిన తర్వాత కూడా చూసుకో అంటాడు. చేతకూ మాటకూ తలపుకూ మూడింటికీ ఇదే వరస. చేసిన తర్వాత అది నొప్పించేదని తేలితే తెలిసినవారి ముందు ఒప్పుకొని, ఇకముందు జాగ్రత్తపడమంటాడు. అశోకుడు తన శాసనాలలో ఒకదానిలో భిక్షువులూ గృహస్థులూ తరచుగా వినవలసిన పాఠాలను పేర్కొంటూ రాహులుడికి చేసిన బోధను కూడా చేర్చాడు. మన ఎర్రగుడిలోని అశోక శాసనాలలో వెతకకండి, అది రాజస్థాన్‌లోని బైరాట్ దగ్గర దొరికింది.

చేసిన తర్వాత చూసుకోవడాన్ని మనం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఎగతాళి చేస్తాం, లేదా "జరిగిందేదో జరిగింది" అని దాటవేస్తాం. కానీ డ్రైవరు గారు రాసిన క్రమం మళ్ళీ చదవండి. ముందు బండి దిగాక తెలిసింది, తర్వాత నడుపుతుండగా, చివరికి తగాదా మధ్యలోనే. అద్దం వెనక నుంచి ముందుకు జరిగింది. మీరు ఉదయం గంటసేపు కూర్చుంటున్నారు, బాగుంది. గురువారం రాత్రి ఒక పది నిమిషాలు కూర్చున్నారా?


మనోవైద్యం తెలిసినవాడు | గురువారం, ఉదయం 7.15

రెండు విషయాలు చెప్పి తప్పుకుంటాను. మతిమరుపు జబ్బు ఉన్నవారిలో పొద్దువాలే వేళకు కంగారు, వెతుకులాట పెరగడం చాలా మామూలు. మరణవార్తను ప్రతిసారీ సరిదిద్ది చెబితే వారికి ప్రతిసారీ అది కొత్త దుఃఖమే అవుతుంది, సమాచారంగా మిగలదు. ఇది తెలియకుండా ఎంత ఎరుకతో కూర్చున్నా లాభం లేదు. శ్రుతమయ ప్రజ్ఞను, అంటే విని తెలుసుకున్న ప్రజ్ఞను, చిన్నచూపు చూడకండి, కొన్ని సంగతులు విని తెలుసుకోవలసినవే.

రెండోది, ఇది చదివి శిబిరాలకు పరుగెత్తేవారికి. తీవ్రమైన మానసిక వ్యాధి చరిత్ర ఉన్నవారికి పది రోజుల మౌన శిబిరం మేలు చేయకపోగా హాని చేయవచ్చు. దరఖాస్తులో ఆ ప్రశ్న ఊరికే అడగరు, దాచకండి.


గోదారిగట్టు | పదహారు రోజుల తర్వాత, రాత్రి 10.20

అందరికీ కృతజ్ఞతలు. పాళీ పాఠకుడు గారి ప్రశ్నకు సమాధానం: కూర్చోలేదు. గురువారం రాత్రి టీవీ పెట్టుకున్నాను.

ఆ తర్వాత రోజూ పడుకునే ముందు పది నిమిషాలు, ఆ సాయంత్రం జరిగిందాన్ని జరిగిన వరసలో గుర్తుచేసుకుంటున్నాను. మొదటి నాలుగు రోజులూ నాకు నా అపరాధం తప్ప ఇంకేమీ కనబడలేదు. అయిదో రోజున ఒక చిన్న సంగతి తట్టింది. నేను విసుక్కున్న రోజులన్నిటా బూట్లు విప్పకుండానే, ఆఫీసు ఫోను చెవి దగ్గరే పెట్టుకొని హాల్లోకి వచ్చాను. విసుక్కోని రోజులలో పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కొని వచ్చాను. అంటే కోపం అమ్మ ప్రశ్నతో మొదలవడం లేదు, మెట్ల మీద నాతో పాటు ఎక్కి వస్తోంది. నేను గమనిస్తున్నానని గర్వపడిన ఛాతీ వేడి దాని చివరి మజిలీ మాత్రమే.

రెండోది ఇంకా ఆలస్యంగా కనబడింది. అమ్మ ఆ ప్రశ్నను ఉదయం ఎన్నడూ అడగదు. ఆరున్నరకు, చీకటి పడే వేళకు, వీధి గుమ్మం వైపు చూస్తూ అడుగుతుంది. రాజమండ్రిలో నాన్నగారు సైకిలు మీద ఇంటికి వచ్చే వేళ అదే. నా చిన్నప్పుడు ఆ వేళకు అమ్మ వీధిలైటు వేసి అరుగు మీద కూర్చునేది. మూడేళ్ళుగా ఆ ప్రశ్నను వింటున్నాను, ఆ ప్రశ్న వేళను ఒక్కసారీ చూడలేదు. జబ్బు వల్ల అడుగుతోందన్నది నిజమే కావచ్చు, అయినా ఆమె అడుగుతున్నది నాన్నగారు బతికి ఉన్నారా అని కాదు. నేను ఏడుసార్లు జవాబు చెప్పింది ఆమె అడగని ప్రశ్నకు.

ఇప్పుడు ఆరుంపావుకు మా ఆవిడ వరండాలో లైటు వేస్తోంది. నేను కాళ్ళు కడుక్కొని వచ్చి అమ్మ పక్కన కూర్చుని, "నాన్నగారు వస్తూ వస్తూ ఏం తెచ్చేవారమ్మా?" అని అడుగుతున్నాను. కొన్ని రోజులు జాంకాయలు అంటుంది, కొన్ని రోజులు నన్ను ఎవరని అడుగుతుంది.


రిటైరైన డ్రైవరు | అదే రోజు, రాత్రి 10.50

బాగుంది సార్. మరి మళ్ళీ అరవలేదా?


సందేహి | అదే రోజు, రాత్రి 11.05

నేనూ అదే అడగబోయాను. మీ రెండో సంగతిని జాగ్రత్త అని కొట్టిపారేయలేను, అంతవరకు వెనక్కి తగ్గుతున్నాను. జేబుదొంగను మాత్రం వదులుకోను.


గోదారిగట్టు | మరునాడు, ఉదయం 6.30

అరిచాను. మంగళవారం ఆడిట్ ఉంది, ఫోను పట్టుకొని బూట్లతోనే లోపలికి వచ్చాను. అమ్మ నోరు తెరవకముందే "ఇప్పుడు కాదమ్మా" అని గట్టిగా అనేశాను. అమ్మ నాన్నగారి మాట ఎత్తలేదు. నా బూట్ల వైపు చూసి, "కాళ్ళు కడుక్కోలేదేంరా?" అన్నది.

ఫోను పెట్టేసి పెరట్లోకి వెళ్ళాను.